దైవానుభవము మెదడులో పుట్టునా?

ప్రహ్లాదచరిత్రమును బోధించుచున్న దినములలో నొకనాడు తరగతిలో ఒక విద్యార్థి లేచి యిట్లడిగెను: “మాస్టారూ, మెదడులో ఒకచోట కరెంటు తగిలిస్తే దేవుడు కనిపిస్తాడట, ఎక్కడో చదివాను. ప్రహ్లాదుడికి కనిపించింది కూడా అలాంటిదేనా అండీ?” కొందఱు నవ్విరి, కొందఱు ఆ బాలునివైపు కోపముగా చూచిరి. “ఇది సాహిత్యం తరగతి నాయనా, సైన్సు తరగతి కాదు, కూర్చో” అని నేను పాఠము సాగించితిని. అతడు కూర్చుండెను. కాని నేను చెప్పినది సమాధానము కాదనియు, అడిగినవానిని కూర్చుండబెట్టుట మాత్రమే యనియు ఆ సాయంకాలము నాకే తోచినది. ఉపాధ్యాయులైన పాఠకులలో పెక్కుమందికి ఇట్టి యనుభవము కలిగియే యుండును. కనుక ఆ ప్రశ్నను మరల ఎత్తుకొనుట యుక్తము.

మొదట తెలిసిన విషయములను చూతము. కెనడా దేశములోని మాంట్రియల్ నగరమున 1934లో నాడీశాస్త్ర సంస్థను నెలకొల్పిన శస్త్రవైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డు. మందులకు లొంగని మూర్ఛరోగమునకు ఆయన మెదడుపై శస్త్రచికిత్స చేయుచుండెను. మెదడునకు స్వయముగా నొప్పి తెలియదు. కావున రోగిని మెలకువగానే యుంచి, మెదడు పైపొరను స్వల్పవిద్యుత్తుతో తాకుచు, కలిగిన అనుభవమును రోగిచేతనే చెప్పించుకొనెడివాడు. కణతలవైపు భాగమును తాకినపుడు కొందఱు ఎప్పుడో విన్న పాటను మరల వినిరి. కొందఱికి గడచిన దృశ్యములు కన్నులయెదుట నిలిచెను. అయితే 1963లో ప్రకటించిన లెక్కలో, ఆ భాగమును పరీక్షించిన 520 మందిలో ఇట్టి యనుభవములు కలిగినవారు 40 మంది మాత్రమే. మఱియొక విశేషము గలదు. విద్యుత్తువలన చేయి కదలినపుడు, అది తాము కదల్చినది కాదనియు, వైద్యుడే కదల్చెననియు రోగులు చెప్పెడివారు. మనస్సును కేవలము మెదడు పనిగా వివరింపజాలమని ఆయన 1975లో వెలువడిన తన గ్రంథములో తేల్చెను. నేటి నాడీశాస్త్రజ్ఞులలో పెక్కుమంది ఆయన తుదిమాటను అంగీకరింపరు. ఆయన పరీక్షలను మాత్రము కాదనరు.

ఇక పత్రికలలో ‘దేవుని శిరస్త్రాణము’గా ప్రసిద్ధికెక్కిన సాధనము. ఇది కెనడాలోనే సడ్బరీ నగరమందలి లారెన్షియన్ విశ్వవిద్యాలయములో పనిచేసి, 2018లో కాలధర్మము చెందిన మైకేల్ పెర్సింగర్ పేరుతో ముడివడినది. తీగచుట్టలు అమర్చిన శిరస్త్రాణమును తొడిగి, కణతలపై అతిబలహీనమైన అయస్కాంతక్షేత్రమును ప్రసరింపజేసినచో, పదిమందిలో ఎనమండుగురికి ఎవరో ప్రక్కనున్నట్లు తోచునని ఆయన ప్రకటించెను. ఆ క్షేత్రమెంత బలహీనమనగా, ఫ్రిజ్ తలుపునకు అతుకు చిన్న అయస్కాంతము దానికి వేలరెట్లు బలమైనది. స్వీడన్ దేశపు ఉప్సలా విశ్వవిద్యాలయమునకు చెందిన పేర్ గ్రాన్‌క్విస్టు, ఆయన సహచరులు 89 మందిపై ఆ పరీక్షను మరల జరిపి 2005లో ఫలితములను వెల్లడించిరి. ఎవరి శిరస్త్రాణములో అయస్కాంతము పనిచేయుచున్నదో తొడిగినవారికిని తెలియదు, పరీక్షించువారికిని తెలియదు. అయస్కాంతమువలన భేదమేమియు కానరాలేదు. విచిత్రానుభవములు కలుగుట, ఇతరుల సూచనకు సులభముగా లోబడు స్వభావమును బట్టి యుండెను. పెర్సింగర్ దీనికి ఆక్షేపణ తెలిపెను. కాని ఇంతటి సంశయము గల సాధనమును దేవుడు లేడనుటకు ప్రమాణముగా చూపుట శాస్త్రదృష్టి కాదు.

ఇంతమాత్రము విని భక్తులు విజయభేరి మ్రోగించుటయు తగదు. 2002లో జెనీవా నగరమున ఓలాఫ్ బ్లాంకె బృందము ఒక మూర్ఛరోగి మెదడును కుడివైపున ఒకచోట విద్యుత్తుతో తాకగా, తాను శయ్యనుండి పైకి తేలినట్లును, పైనుండి తన శరీరమునే చూచుచున్నట్లును ఆమె చెప్పెను. అట్టి పరీక్షనే ఎడమవైపున జరుపగా, వెనుక ఎవరో నీడవలె నున్నట్లు మఱియొక స్త్రీకి తోచినదని 2006లో ప్రకటించిరి. ఆమె కూర్చుండిన ఆ నీడయు కూర్చుండెను. ఆమెకు దైవము కనబడలేదు; పేరులేని నీడ తోచినది. అట్టిదానిని దేవుడనుట, దయ్యమనుట, దొంగయనుట మనిషి పెరిగిన యింటినుండియు, విన్న కథలనుండియు, మాతృభాషనుండియు వచ్చు పేర్లు.

ఇప్పుడు విచారింతము. చూపునకు ఆధారమైన మెదడు వెనుకభాగమును విద్యుత్తుతో తాకినచో వెలుగు మెఱసినట్లుండును. అంతమాత్రమున ఆకాశమున మెఱుపులు లేవని యెవరందురు? అనుభవమునకు మెదడులో చోటున్నదనుట, అనుభవింపబడినది లేదనుటకు ప్రమాణము కాదు. ఈ తర్కము భక్తునికిని వర్తించును. అనుభవము గాఢమైనంతనే దాని విషయము సత్యమని సిద్ధింపదు. రజ్జుసర్పభ్రాంతి నెఱిగిన దేశమిది. త్రాటిని చూచి పామని బెదరినవాని గుండెదడ నిజమే; పాము మాత్రము లేదు.

అమెరికా తత్త్వవేత్త విలియం జేమ్స్ 1902లో ప్రకటించిన తన ఉపన్యాసములలో ఈ చిక్కును ముందే చూచెను. మహాత్ముల దర్శనములను రోగలక్షణములని త్రోసివేయువారిని ఆయన మందలించెను. శరీరస్థితి విశ్వాసమునకు కారణమైనచో, అవిశ్వాసమునకును అదియే కారణము కావలెను గదా! కావున అనుభవమును దాని మూలమును బట్టిగాక ఫలమును బట్టి విలువ కట్టవలెనని ఆయన మతము. మూర్ఛరోగియైన దొస్తోయెవ్‌స్కీ తన ‘ఇడియట్’ నవలలో, మూర్ఛకు ముందు కలుగు దివ్యానందక్షణమును మిష్కిన్ పాత్రకు ఒసగెను. ఆ క్షణమునకు మూలము రోగమే కావచ్చును. ఆ నవలకు మూలము రోగము కాదు. మూర్ఛరోగులు లోకమున కోట్లకొలది కలరు, దొస్తోయెవ్‌స్కీ ఒక్కడే.

ఉపాధ్యాయులు మఱువరాని మాట యొకటి కలదు. తరగతిలో ఒక బాలుడు ఉన్నట్టుండి చూపు నిలిపి, పిలిచినను పలుకక, పిదప ఎవరో పిలిచినట్లు విన్నానని చెప్పినచో, దానిని పూనకమనియో గాలి సోకినదనియో భూతవైద్యునికి అప్పగింపరాదు. ముందు వైద్యునికి చూపవలెను. సరియైన చికిత్స లభించినచో మూర్ఛరోగులలో నూటికి డెబ్బదిమంది వఱకు మూర్ఛలు లేక జీవింపగలరని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. మెదడును గూర్చిన జ్ఞానము మనకు తక్షణము ఉపకరించునది ఇక్కడ. దేవుని ఉనికిని తేల్చుటకు అది చాలకపోవచ్చును. ఒక బిడ్డను రక్షించుటకు చాలును.

మరునాడు ఆ విద్యార్థిని పిలిచి యింతయు చెప్పితిని. “ప్రహ్లాదుడు చూచినది ఏమిటో సైన్సు తేల్చలేదు, నేనూ తేల్చలేను. చూచిన తరువాత ఏమి కోరెనో మాత్రము పోతన చెప్పెను. తన్ను హింసించిన తండ్రి పాపము తొలగవలెనని కోరెను. ఆ కోరికను ఏ తీగతో పుట్టింపగలరో నాకు తెలియదు” అంటిని. అతడు కొంతసేపు ఆలోచించి, “అయితే నా ప్రశ్న అలాగే మిగిలిందండీ” అనెను. నిజమే, మిగిలినది. కాని ఈసారి నేనతనిని కూర్చుండుమనలేదు.