విజ్ఞాన ప్రసంగము: చల్లని ద్రవములో సుడులు



బిడ్డకు తల దువ్వునప్పుడు నడినెత్తిమీది సుడిని మీరందఱును చూచియే యుందురు. ఎంత నూనె రాచినను, ఏ ప్రక్కకు దువ్వినను అది పోదు. రెండు సుడులున్న పిల్లవానికి ఇద్దఱు పెండ్లాములని పెద్దలందురు. దానికి నేను పూచీపడను. చుట్టునున్న వెండ్రుకలు తలకొక దిక్కున తిరిగియుండగా, నట్టనడుమ నున్నచోటికి ఏ దిక్కును పొసగదు. అదియే సుడి. ఇట్టి సుడులే మిక్కిలి చల్లనైన యొక ద్రవములోను పుట్టును. ఈ మాసము వానినిగూర్చి వ్రాయుచున్నాను.

ఆ ద్రవము హీలియము. 1868 ఆగస్టు 18వ తేదీ సూర్యగ్రహణమును చూచుటకు జాన్సెన్ అను ఫ్రెంచి పండితుడు మన గుంటూరునకు వచ్చెను. ఆ సంవత్సరముననే సూర్యకాంతిలో దీని జాడ తెలిసినది. 1908లో లైడెన్ నగరమున కామర్లింగ్ ఓన్స్ దీనిని ద్రవముగా మార్చెను. సున్నకు దిగువ 271 సెంటీగ్రేడు డిగ్రీలవఱకు చల్లార్చినచో దీని జిగట మాయమగును. గిన్నె లోపలి గోడ వెంబడి పైకి ప్రాకి, అంచు దాటి వెలుపలికి జాఱిపోవును. 1938లో మాస్కోనుండి కపిట్సాయు, కేంబ్రిడ్జినుండి ఆలెన్, మైసెనరులును ఈ వింతను ప్రకటించిరి.

మజ్జిగ చిలికి కవ్వము తీసినచో సుడి కొంతసేపటికి అణగిపోవును. ఈ ద్రవములోని సుడి అట్లు తేలికగా అణగదు. అంతేకాదు, మజ్జిగలో సుడి ఎంత బలమైనదైనను కావచ్చును. ఇక్కడ ప్రతి సుడికిని ఒకటే కొలత. అరసుడి, ముప్పాతికసుడి యనునవి లేవు.

ఎవరును చిలుకకుండ సుడి యెట్లు పుట్టును? ద్రవము ఈ స్థితికి వచ్చునప్పుడు అందలి ప్రతి భాగమును ఒక దిక్కును ఎన్నుకొనవలసి యుండును. మెల్లగా చల్లార్చినచో ఇరుగుపొరుగులు ఒకరినొకరు చూచుకొని ఒద్దికపడుదురు. హఠాత్తుగా చల్లార్చినచో ఆ వ్యవధి చాలదు. ఎవరి దిక్కు వారిదే. వారు కలిసికొన్నచోట సుడులు మిగిలిపోవును. ఎంత తొందరపఱచిన అన్ని యెక్కువ సుడులు. సృష్ట్యాదిని విశ్వము చల్లారినప్పుడు ఇట్టి మచ్చలు మిగిలియుండునని 1976లో లండనులో కిబిల్ పండితుడు తలపోసెను. ఆకాశమును మరల కాచి చల్లార్చలేము గదా! హీలియములో పరీక్షింపవచ్చునని 1985లో జూరెక్ సూచించెను.

1994లో ఇంగ్లండులోని లాంకాస్టరులో మెక్లింటాకును ఆయన తోడివారును ఆ పని చేసిరి. బిగించి యుంచిన హీలియముమీది ఒత్తిడిని ఒక్కసారిగా వదలి, దానిని ఆ వింతస్థితిలోనికి దింపిరి. సుడులు కనబడినవి! పండితలోకము సంతోషించెను. కాని వారికే యొక సందేహము పీడించెను. పాత్ర వ్యాకోచించునప్పుడు, ద్రవము పోయు సన్నని గొట్టమునుండి చిమ్మిన ధారయే లోపల కవ్వమువలె చిలికినదేమో! ఆ చిమ్ముట లేని క్రొత్త పాత్రను చేయించి మరల చూచిరి. సుడులు కనబడలేదు. 1998లో ఆ మాటను తామే అచ్చువేయించిరి. నలుగురు మెచ్చుకొన్న వంటలో ఉప్పు తప్పినదని వడ్డించినామెయే చెప్పుట ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు. నాకీ కథలో సుడులకంటె ఇదియే ప్రియము.

ఈలోగా 1996లో హెల్సింకీ, గ్రెనోబుల్ నగరములవారు హీలియములోని తేలికజాతితో వేఱుదారి పట్టియుండిరి. దానిలోనికి న్యూట్రానును పంపినచో సూదిమొనకంటె చిన్నచోటు క్షణము వేడెక్కి, వెంటనే చల్లారును. అచట సుడులు మిగిలినవి. 2008లో అమెరికాలోని ఆరిజోనావారు రుబీడియము వాయువును మఱింత చల్లార్చి, సుడులను ఛాయాచిత్రములలోనే చూచిరి. ప్రతిసారియు కాదు, కొన్నిమార్లు మాత్రమే. ఒకనాడు ఒక సుడి, మఱునాడు ఏమియు లేదు. ఏనాడు వచ్చునో ముందుగా చెప్పుట వారికిని సాధ్యము కాదు.