మింగిన గాలం

మా పలమనేరు దిక్కు చెరువులు ఏటా నిండవు. నిండిన ఏడాది మాత్రం, 2021 నవంబరు వానలకి మరవలు పారినప్పటి మాదిరి, ఊళ్లో కుర్రోళ్లంతా గట్టు మీదే. వెదురు కట్టె, తంగూసు, బెండు, గాలం, డబ్బాలో వానపాములు. ఇంతకు మించి ఖర్చు లేదు. సెలవులకి ఇంటికి పోతే నేనూ అక్కడే ఉంటా. ఈ మధ్య ఒక కొత్త అలవాటు తోడైంది: పట్టడం, ఫోటో తీయడం, మళ్లీ నీళ్లలోకి వదలడం. రీల్స్ చూసి నేర్చుకున్నది. వదలడం మంచిదే, కాదనను. అయితే వదిలిన చేప రెండు రోజుల తర్వాత బతికుందా లేదా అని ఎవరూ చూడరు. నా గొడవంతా దాని గురించే.

పెదవికి గుచ్చుకున్న గాలం తీయడం పెద్ద పని కాదు. వచ్చిన దారిలోనే వెనక్కి తిప్పితే ఊడొస్తుంది. చేప గాలాన్ని గొంతులోకి మింగేసినప్పుడే చిక్కంతా. అప్పుడు మనోళ్లు ఏం చేస్తారో మీకూ తెలుసు. చేపని ఒక చేత్తో అదిమి పట్టి, తంగూసు చేతికి చుట్టుకుని ఒక్క లాగు. గాలం వస్తుంది, దాంతోపాటు లోపలి కండ కూడా వస్తుంది.

చేప గుండె ఎక్కడో కడుపులో ఉంటుందనుకుంటాం. కాదు, గొంతు కిందే, మొప్పల వెనకే ఉంటుంది. గుండె నుంచి నెత్తురంతా నేరుగా మొప్పలకే పోతుంది. అంటే మనం గుడ్డిగా లాగే చోటు దాని ప్రాణం ఉండే చోటే. మొప్ప తెగి నెత్తురు కారుతున్న చేప నీళ్లలో పడగానే తోక ఆడించి పోతుంది కాబట్టి "బతికింది మామా" అనుకుంటాం.

2009లో కెనడా పరిశోధకులు బ్లూగిల్ అనే చిన్న చేపల మీద ఇదే పరీక్ష చేసి చూశారు. గాలం మింగిన చేపల్లో కొన్నింటికి గాలం పీకారు, కొన్నింటికి దారం మాత్రం కత్తిరించి గాలాన్ని లోపలే వదిలేశారు. పీకినవే ఎక్కువగా చచ్చాయి. దారం కత్తిరించిన వాటిలో చాలా చేపలు పది రోజుల లోపే గాలాన్ని వాటంతట అవే బయటికి తోసేశాయి. మన రాగండికీ బొచ్చెకీ లెక్క అచ్చం ఇదే రావాలని లేదు, కానీ గుండె ఉండే చోటు మాత్రం వాటికీ అదే.

అందుకే నేను చెప్పేది: వదిలే చేప అయితే, గాలం కంటికి కనిపించనంత లోపలికి పోయి ఉంటే, నోటి దగ్గర తంగూసు కత్తిరించి వదిలేయండి. గాలం ఖరీదు రెండు మూడు రూపాయలు. కూరకి పట్టిన చేప అయితే ముందు తల మీద గట్టిగా ఒక దెబ్బ కొట్టి చంపండి, తర్వాత కోసి తీరిగ్గా గాలం తీసుకోండి. "ఎట్లా చచ్చేదే కదా, బతికుండగా లాగితే ఏం?" అని మా గట్టు మీద ఒక అన్న అడిగాడు. చావడం వేరు అన్నా, చంపేదాకా పీకడం వేరు.

గాలం కంటికి కనిపిస్తే మాత్రం పనిముట్లు ఉన్నాయి. ఆపరేషన్లలో వాడే సన్నటి ఫోర్సెప్స్ సర్జికల్ షాపుల్లో దొరుకుతాయి. చిన్న గాలాలకి అది కూడా అక్కర్లేదు. అయిపోయిన పెన్ను గొట్టం తీసుకుని, చివరిదాకా పొడుగునా సన్నటి చీలిక పెట్టండి. ఆ చీలికలోంచి తంగూసుని లోపలికి తోసి, దారాన్ని బిగువుగా పట్టుకుని గొట్టాన్ని గాలం వంపు దాకా జార్చాలి. వంపు మీద ఆనగానే నెమ్మదిగా లోపలికి నొక్కితే మొన కండలోంచి విడిపోతుంది, అప్పుడు గొట్టంతో సహా బయటికి తీయాలి. లాగడం కాదు, ముందు నొక్కడం. కిటుకంతా అక్కడే. చేయి మాత్రం తడిగా ఉండాలి, చేపని మట్టిలో పెట్టకూడదు. ఒంటి మీది జిగురు పోతే జబ్బులు అంటుకుంటాయి. మొప్ప పక్కనుంచి చేయి పెట్టి గాలాన్ని తిరగేసే పద్ధతి ఒకటి వీడియోల్లో చూపిస్తారు. చేయి తిరిగినోళ్లకి సరే, మనకొద్దు.

నిజానికి ఇవన్నీ రిపేరు పనులు. మనం ఇంజనీరింగ్ చదివేవాళ్లం, డిజైన్ దగ్గరికి పోదాం. గాలం మొన దగ్గర వెనక్కి తిరిగిన చిన్న ముల్లు ఉంటుంది చూడండి, గాయమంతా చేసేది అదే. మన వేలికి గాలం దిగితే డాక్టరు కూడా చాలాసార్లు దాన్ని వెనక్కి లాగడు, మొన బయటికి వచ్చేదాకా ముందుకే పొడిచి, ముల్లు కత్తిరించి, అప్పుడు వెనక్కి తీస్తాడు. కటింగ్ ప్లేయర్‌తో ఆ ముల్లుని ముందే నొక్కేస్తే సగం సమస్య అక్కడే తీరిపోతుంది. చేపలు తప్పించుకుపోతాయంటారు. తంగూసు వదులుగా వదిలితే పోతాయి, బిగువుగా ఉంచితే పోవు. కట్టె గుచ్చేసి ఫోన్ చూసుకునేవాళ్లకి ఇది కష్టమే. చేప మింగేదీ అప్పుడే.

ఇంకోటి, మొన లోపలికి వంగి దాదాపు గుండ్రంగా ఉండే గాలం. మింగినా, దారం లాగినప్పుడు గొంతులో గుచ్చుకోకుండా జారొచ్చి నోటి మూలన తగులుకుంటుంది. తాబేళ్లు చావకుండా 2004 నుంచి అమెరికా తన అట్లాంటిక్ లాంగ్‌లైన్ పడవలకి వీటిని తప్పనిసరి చేసింది. దీనికి ఒకటే షరతు, బెండు మునగ్గానే జెర్క్ ఇవ్వకూడదు, మెల్లగా బిగించాలి. మనకి ఆ ఓపిక ఉందా అన్నది వేరే సంగతి.

చిన్న చేపే కదా అనేవాళ్లకి ఒక మాట. చాలా చెరువుల్లో మత్స్యకార సంఘాలు వానల తర్వాత పిల్లలు వదులుతాయి. అవి బెత్తెడు కూడా ఉండవు, వానపాము కనిపిస్తే గాలంతో సహా మింగేస్తాయి. మనకి ఆదివారం ఆట, వాళ్లకి వేసవిలో చేతికొచ్చే డబ్బు. చిన్నవి వరసగా పడుతుంటే పెద్ద గాలం కట్టండి, లేదా చోటు మార్చండి.

కొరమీను దగ్గర నేను ఇంకొంచెం గట్టిగా ఉంటా. బతికున్న కప్పని ఎర వేస్తే అది నమలదు, ఒకేసారి మింగుతుంది. పైగా గాలి పీల్చే చేప, గట్టు మీద గంటసేపు కొట్టుకుంటున్నా "ఏం కాదులే, గట్టి ప్రాణం" అంటారు. నీటి పైన ఎర్రగా పిల్లల గుంపు ఆడుతుంటే కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది, పిల్లల దగ్గరికి వచ్చిన దేన్నైనా కొరుకుతుంది కాబట్టి పట్టడం తేలిక. దాన్ని తీసేస్తే ఆ గుంపుని సాయంత్రానికి మిగతా చేపలు తినేస్తాయి. అక్కడ నేను గాలం వేయను, పక్కనోళ్లు వేస్తుంటే ఊరుకోను కూడా. రెండుసార్లు తిట్లు పడ్డాయి, పర్లేదు.