వీరుడి తొలి బొమ్మ

ఇంట్లో ఫుట్‌బాలు పిచ్చిగల కుర్రవాడు వుంటే "రూకీ కార్డు" అన్న మాట మీ చెవిని పడే వుంటుంది. ఆటగాడు పెద్ద ఆటలో అడుగు పెట్టిన కొత్తలో అచ్చయిన మొట్టమొదటి బొమ్మ కార్డుకు ఆ పేరు. మనం తొలిబొమ్మ అనుకుందాం. 2025 డిసెంబరు 13న మెస్సీ హైదరాబాదులో ఉప్పల్ మైదానానికి వచ్చి వెళ్ళిన దగ్గరనుంచి మా కర్నూలు కుర్రకారులో కూడా ఈ జబ్బు కాస్త ముదిరింది. మా వీధిలో ఇంటర్మీడియెట్ చదివే కుర్రవాడొకడు పండగకు మేనమామలు ఇచ్చిన డబ్బు కూడబెట్టుకుని, "రెండువేలున్నాయి సార్, మెస్సీ తొలిబొమ్మ వస్తుందా?" అంటూ వచ్చాడు. వాడి వెనకాలే వాళ్ళమ్మ. "అట్టముక్కకు అంత లెక్క పెడతారా సార్ ఎవరన్నా?" అని ఆవిడ ప్రశ్న.

ముందు ఆవిడ ప్రశ్నే తీసుకుందాం. పెడతారు తల్లీ, పెడతారు. 1958లో స్వీడన్‌లో ప్రపంచ కప్పు పోటీలు జరిగాయి. పదిహేడేళ్ళ పీలే సెమీ ఫైనల్లో ఫ్రాన్సు మీద మూడు గోళ్ళు, ఫైనల్లో స్వీడన్ మీద రెండు గోళ్ళు కొట్టాడు. ఆ ఏడాది ఆ దేశంలోనే అలీఫాబొలాగెట్ అనే సంస్థ అచ్చువేసిన బొమ్మల్లో 635వ నంబరు పీలేది. దాని ప్రతి ఒకటి 2022లో అమెరికా వేలంలో 13 లక్షల 30 వేల డాలర్లకు పోయింది. మన లెక్కలో ఇంచుమించు 10 కోట్ల రూపాయలు! ఇటలీవాళ్ళ పానీనీ సంస్థ 1979లో వేసిన మారడోనా బొమ్మదీ ఇదే వరస. అది లక్షల డాలర్ల మాట.

ఇంతకూ ఈ బొమ్మలు పుట్టినప్పుడు వీటి ధర ఎంత? పిల్లవాడి చేతిలో చిల్లర. జేబులో కుక్కుకున్నారు, ఆల్బముల్లో జిగురుతో అంటించారు, గోడకు కొట్టి ఆడుకున్నారు, చివరకు అమ్మలు చిమ్మి పారేశారు. మిగిలినవి కొన్ని, నలగకుండా మిగిలినవి ఇంకా కొన్ని. ఆ మిగలడానికే ఈ ధర. అమెరికాలో ఒకటి నుంచి పది దాకా మార్కులు వేసే కంపెనీలు వున్నాయి. మూలలు మొనదేలి వున్నాయా, బొమ్మ నట్టనడుమ వున్నదా, అంచు చిరిగిందా అని భూతద్దం పెట్టి చూసి, మార్కు వేసి, గాజులాంటి ప్లాస్టిక్ పెట్టెలో బిగిస్తారు. పైన చెప్పిన పీలేకు తొమ్మిది మార్కులు. అదే బొమ్మ మూడు మార్కులదైతే ధర పాతాళానికి దిగుతుంది. పీలే ముఖం మాత్రం రెండింటిలోనూ ఒకటే!

సామాన్యుడికి దారి దొరికేది ఇక్కడే. నన్నడిగితే, నలిగిన బొమ్మే కొనమంటాను. పందొమ్మిదో శతాబ్దంలో మా కడపలో బంగళా కొనుక్కుని, పండితులను జీతానికి పెట్టుకుని, తాళపత్రాలు పోగుచేయించిన బ్రౌన్ దొర ఆకు చివర పురుగు తిన్నదని వదులుకున్నాడా? అలా వదులుకుని వుంటే నాబోటి తెలుగు పంతుళ్ళకు చెప్పడానికి పాఠాలు తక్కువయ్యేవి.

ఇక కుర్రవాడి మాట. మెస్సీ తొలిబొమ్మగా ఎక్కువమంది ఒప్పుకునేది 2004-05లో స్పెయిన్‌లో వచ్చిన మెగాక్రాక్స్ వరసలోని 71వ నంబరు. దాని పక్కన "బిస్" అని వుంటుంది, అంటే అదే నంబరు మీద రెండోసారి వేసినదన్నమాట. మెస్సీ బార్సిలోనాకు లీగులో మొదట ఆడిందే 2004 అక్టోబరులో. అందుకే ఆ అతుకు. అది రెండువేలకు రాదు. ఎవడైనా ఇస్తానంటే వాడు ఇచ్చేది అసలుది కాదు. అయితే ఒక వీరుడికి తొలి ఏడాది ఒకే బొమ్మ వుండాలని రూలేమీ లేదు. అదే ఏడాది బార్సా జట్టు కోసం వేరే వరస వచ్చింది, అందులోనూ మెస్సీ వున్నాడు. 2006లో జర్మనీ ప్రపంచ కప్పుకు పానీనీ వేసిన అంటింపు బొమ్మ వుంది. ప్రపంచ కప్పు వరకు అదే అతని తొలిబొమ్మ. మార్కులు వేయించనివి, మూల వంగినవి వెతికితే భారం తగ్గుతుంది. అన్నిటికన్నా చవక బేరం వేరొకటి వుంది: ఈ ఏడాది పొట్లంలో ఎవరూ పేరు ఎరగని పదిహేడేళ్ళవాడి బొమ్మ వస్తే పారేయకుండా వుంచుకోవడం. పీలే బొమ్మ కూడా ఒకనాడు అలా వచ్చినదే.

కొనేముందు వెనకవైపు ఫోటో కూడా అడగండి. పాత బొమ్మ అంచున కాగితం మల్లెపూవులా తెల్లగా వుంటే అనుమానించండి. భూతద్దంలో చూస్తే అసలు అచ్చులో చుక్కలు ముగ్గు వేసినట్టు వరసగా వుంటాయి. ఇంటి ప్రింటరుమీద తీసినదాంట్లో రంగు చిమ్మినట్టు చెదిరి వుంటుంది. కొన్నాక, మనవాళ్ళకున్న అలవాటు కొద్దీ పది క్లాసు సర్టిఫికెట్టుతోబాటు దీన్నీ లామినేషన్ చేయించేరు సుమా! ఆ వేడితో, జిగురుతో బొమ్మ పని సరి. మన సీమలో ఎండలెక్కువే గాని గాలిలో తేమ తక్కువ. కాగితానికి కోస్తా కన్నా మన వూరే నయం. ఎండ నేరుగా తగలకుండా, మెత్తని కవరులో, చదునుగా వుంచితే చాలు.

ఇంత చెప్పాక నా బెంగ ఒకటి చెప్పాలి. 1990 ప్రాంతంలో మేము చిన్నవాళ్ళప్పుడు బిగ్‌ఫన్ గమ్ పొట్లాల్లో క్రికెట్ వీరుల బొమ్మలు వచ్చేవి. వాటి కోసం పళ్ళు పుచ్చిపోయేదాకా నమిలాం. ఫుట్‌బాలులో మనవాడు తులసీదాస్ బలరాం బొమ్మను మాత్రం ఏ పిల్లవాడి జేబులోనూ నేను చూడలేదు. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో 1936లో పుట్టాడు. హైదరాబాదు రహీం సాహెబు తీర్చిదిద్దిన జట్టులో మెల్‌బోర్న్ వెళ్ళాడు; ఒలింపిక్సులో మనవాళ్ళు నాలుగో స్థానం తెచ్చుకున్నది అప్పుడే. 1960లో రోములో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోలు కొట్టాడు. 1962లో జకార్తాలో బంగారు పతకం. ఆ మరుసటి ఏడే ఊపిరితిత్తుల జబ్బు ఆట మాన్పించింది. 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో పోయాడు. ఆ జకార్తా జట్టు నాయకుడు చునీ గోస్వామికి 2020లో తపాలా బిళ్ళ వేశారు. పిల్లవాడు కూడా కొనగలిగిన బొమ్మ అది.

మరి బలరాం తొలిబొమ్మ ఎక్కడ? మన ఇళ్ళలోనే వుండవచ్చు. మెల్‌బోర్న్ పోటీలు మొదలైంది 1956 నవంబరు 22న. సరిగ్గా మూడు వారాల ముందు, నవంబరు 1న, ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కర్నూలుకు రాజధాని హోదా పోయింది. ఆ బాధతోనో సంబరంతోనో ఆ రోజుల పత్రికలు దాచినవాళ్ళు మా వూళ్ళో వున్నారు. దాచాలని దాచనివి, ట్రంకు పెట్టెల అడుగున పట్టుచీరల కింద పరిచినవి మరికొన్ని. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పాతబస్తీని ముంచినప్పుడు ఎన్ని పెట్టెలు బురదయ్యాయో! మిగిలినవి కిలోల లెక్కన పాతకాగితాలవాడి తక్కెడకు ఎక్కుతున్నాయి.

ఈసారి తాతగారి పెట్టె తెరిస్తే, తూకానికి వేసేముందు ఆటల పేజీ తిప్పి చూడండి. ఆస్ట్రేలియాను మనవాళ్ళు 4-2తో ఓడించింది డిసెంబరు 1న. ఆ చుట్టుపక్కల పేపర్లలో, జట్టు పేర్ల నడుమ, బలరాం అన్న మూడక్షరాలు దొరికితే, ఆ ముక్క ఒక్కటీ కత్తిరించకండి. పేజీని పేజీగానే వుంచండి. తేదీ వుండేది దాని నెత్తినే.