వెలుతురు తినేస్తున్న నేత

ఫ్రాన్స్‌లోని ఆంజే కోటలో ఉన్న ‘ప్రకటన గ్రంథం’ టాపెస్ట్రీకి 2023లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చోటు దక్కింది. అంతమాత్రాన దానికి గండం గడిచినట్టు కాదు.

1370లలో ఆంజు ప్రభువు మొదటి లూయీ నేయించిన ఈ ఉన్ని తెరల వరుస మొదట దాదాపు 140 మీటర్ల పొడవుండేది. నేడు మిగిలింది వంద మీటర్ల పైచిలుకు. తక్కినదాన్ని శత్రువులెవరూ ఎత్తుకుపోలేదు. ఫ్రెంచి విప్లవం తర్వాత సొంత ఊరివాళ్లే కోసి, మంచు తగలకుండా నారింజ చెట్లకు కప్పారు, గుర్రాల సాలల్లో కట్టారు. 1797లోనైతే ప్రభుత్వమే రాజుల నాటి టాపెస్ట్రీలను అనేకం, జరీలోని వెండి బంగారాల కోసం కాల్పించింది. ఆంజే ముక్కలను 19వ శతాబ్దంలో జుబేర్ అనే మతాధికారి పట్టుబట్టి ఏరి కుట్టించారు కాబట్టి ఈమాత్రమైనా దక్కింది.

నేటి ముప్పుకు చప్పుడు లేదు. అస్తరు చాటున ఉండిపోయిన వెనకవైపు ఎరుపు, నీలం, ఆకుపచ్చ నిగనిగలాడుతుంటే, జనం చూసే ముఖం వెలిసిపోయింది. ఆకుపచ్చ కోసం అప్పటి రంగరులు నీలం, పసుపు కలిపి అద్దేవారు. వెలుతురుకు పసుపు ముందు ఎగిరిపోతుంది. అందుకే చాలా పాత టాపెస్ట్రీలలో చెట్ల ఆకులు నీలంగా కనిపిస్తాయి. 1950లలో కట్టిన ఆంజే గ్యాలరీలోకి మొదట పగటి వెలుగు ధారాళంగా వచ్చేది. తర్వాత ఆ వెలుగు రాకుండా మూసేశారు గానీ, పోయిన రంగు పోయినట్టే.

బరువూ శత్రువే. ఈ తెరలను సాధారణంగా పడుగు అడ్డంగా ఉండేలా వేలాడదీస్తారు కనుక భారమంతా పేక పోగులే మోయాలి. అలా పోగులు తెగినా, నిప్పుకు కాలినా బాగుచేయవచ్చు: 2001లో న్యూయార్క్‌లోని ఒక కెథడ్రల్‌లో మంటలకు గాయపడ్డ, క్రీస్తు జీవితాన్ని చిత్రించిన బర్బెరీనీ టాపెస్ట్రీలకు ఏళ్ల తరబడి చికిత్స చేసి, 2017లో మళ్లీ ప్రదర్శించారు. చిరుగుకు కుట్టుంది, వెలిసిన రంగుకు మందు లేదు.

ఇలాంటి నేతపై వెలుగు 50 లక్స్‌కు మించకూడదన్నది మ్యూజియంల ఆనవాయితీ. దూరం నుంచి వచ్చాం, సరిగ్గా కనబడటం లేదని సందర్శకులు గొణిగినా, టికెట్ల రాబడి తగ్గినా ఆ గీత దాటకూడదు. తెరలను వంతులవారీగా దించి విశ్రాంతినివ్వాలి. పాత టాపెస్ట్రీని కోసి దిండు గలీబులుగా అమ్మే వ్యాపారానికి కొనుగోలుదారులే స్వస్తి పలకాలి. గుర్రాల సాలలో కట్టినవారు విలువ తెలియక కట్టారు. కాంతిని కొలిచే పరికరం చేతిలో పెట్టుకున్న మనం ఆ సాకు చెప్పలేం.