సింగరేణి అమ్మేస్తున్నారా? అవునా, కాదా?

ఎన్నికలొచ్చాయంటే చాలు, మా గోదావరిఖనిలో ఒక వార్త మళ్ళీ లేచి కూర్చుంటుంది: "సింగరేణిని ప్రైవేటుకి అమ్మేస్తున్నారు". వెనకే దాని తమ్ముడు: "అదంతా పచ్చి అబద్ధం". షిఫ్టు దిగొచ్చిన కార్మికుడు పేపరు తెరిస్తే రెండూ పక్కపక్కనే. ఏది నమ్మాలి?

అసలు సంగతి చూద్దాం. 2022 నవంబర్ 12న ప్రధాని మోదీ రామగుండం ఎరువుల ఫ్యాక్టరీని జాతికి అంకితం చేయడానికి వచ్చారు. సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది, కేంద్రం తనంతట తాను అమ్మలేదు, ఇవన్నీ పుకార్లు అన్నారు. లెక్క కరెక్టే. మరి 2021 డిసెంబర్ 9 నుంచి మూడు రోజులు కార్మికులు సమ్మె చేసింది ఎందుకు? సత్తుపల్లి, కోయగూడెం, శ్రావణపల్లి, కళ్యాణిఖని... ఈ నాలుగు చోట్ల బొగ్గు బ్లాకుల్ని వేలానికి పెట్టినందుకు.

కంపెనీ వాటాలు అమ్మటం వేరు, కంపెనీ రేపు తవ్వుకోవాల్సిన బొగ్గుని వేలం వేయటం వేరు. మొదటిది జరగలేదు, రెండోది జరిగింది. "అమ్మేస్తున్నారు" అన్నవాళ్ళు రెండిటినీ కలిపేశారు. "పుకారు" అన్నవాళ్ళు రెండోదాన్ని మింగేశారు.

మరి మన పేపర్లు? నేను చూసినంతలో జిల్లా పేజీల్లో ఎక్కువ భాగం "ఫలానా ఆయన ధ్వజమెత్తారు", "ఫలానా ఆయన ఖండించారు". రెండు ఇన్‌పుట్లు తీసుకుని, మధ్యలో ఏ ప్రాసెసింగూ లేకుండా రెండూ ప్రింట్ చేసే ప్రోగ్రాం అన్నమాట. దీన్ని నిష్పాక్షికత అనుకుంటే ఎలా?

ఆ కటింగే ఫొటో అయ్యి వాట్సాప్‌లో డల్లాస్ దాకా పోతుంది. అక్కడి నుంచి ఫోన్: "బాపూ, కంపెనీ పోతదట గదా, అన్‌ఫిట్ పెట్టుకోరాదు?" ఇంకా సర్వీసుండగానే మెడికల్ అన్‌ఫిట్ అయ్యి తమ్ముడికి ఉద్యోగం ఇప్పించాలా, ఆగాలా అని లెక్కలేసుకునే ఇల్లది. సగం నిజం అక్కడ పడితే చిన్న విషయం కాదు.

ఇది మన ఒక్కళ్ళ జబ్బేం కాదు. విదేశీ ప్రభుత్వాల తరఫున పనిచేసేవాళ్ళు పేరు నమోదు చేసుకోవాలని 2021లో కెనడాలో కెన్నీ చియు అనే ఎంపీ బిల్లు పెట్టాడు. చైనాతో సంబంధమున్న ప్రతివాడూ నమోదు కావాలట అని వీచాట్‌లో తిరిగింది. ఆ సెప్టెంబర్‌లో ఆయన ఓడిపోయాడు. కారణం అదేనని చెప్పలేం. కానీ పద్ధతి చూడండి: బిల్లు నిజం, అర్థం అబద్ధం. అక్కడి చైనీస్ పత్రికలకైనా, మన జిల్లా పేజీకైనా పని ఒకటే, అసలు కాగితంలో ఏముందో చదివేవాడి భాషలో చెప్పటం.

"డెస్కులో అంత టైమెక్కడిది" అంటారు. వాటాల లెక్క కంపెనీ వార్షిక నివేదికలో ఉంటుంది, వేలం జాబితా బొగ్గు శాఖ బయటపెడుతుంది. ఏది జరిగింది, ఏది జరగలేదు, ఏ కాగితంలో ఉంది... మూడు లైన్ల బాక్సు చాలు.

2023 డిసెంబర్ 27 గుర్తింపు సంఘం ఎన్నికల్లో ఓటర్లు దాదాపు 40 వేలు. ఏఐటీయూసీకీ ఐఎన్‌టీయూసీకీ తేడా సుమారు 2 వేలు. అంత దగ్గరి పోటీలో ఓటేసేవాడికి ఆ మూడు లైన్లు బాకీ ఉన్నామా లేదా? ఫార్వర్డ్ చేసే మనం కూడా అని నా ఉద్దేశం. మీరేమంటారు?