గౌరి వార్ధక్యము

1964లో ఆదుర్తి సుబ్బారావు తీసిన ‘మూగమనసులు’ చూచినవారు, గోదావరి సుడిలో మునిగిపోయిన గోపి, రాధలు మరుజన్మమున నూతన దంపతులై అదే నదికి విహారార్థము వచ్చుటకే పరవశించిరి గాని, నా దృష్టి మాత్రము తల నెరసి, నడుము వంగి, వారి సమాధి చెంత పూర్వకథ చెప్పుచున్న, ఒకనాడు గోపిని వలచిన గౌరిమీదనే, అనగా ఆ పాత్ర ధరించిన జమునమీదనే నిలిచినది. పోయినవారికి దుఃఖమెక్కడిది? గోపి, రాధలైన అక్కినేనికి, సావిత్రికి మరల నిండుయౌవనమే లభించినది. నడుమనున్న కాలమంతయు ఏడ్చినది, ముసలిదైనది, గోపి పేరు మఱవనిది ఈమె యొక్కతెయే. అట్టి ఆమె యెదుటికి, ఇంతకాలమునకు, ఆతడు రానే వచ్చెను, అదియు వెనుకటివలెనే రాధతో కూడియే! పునర్జన్మమును బొత్తిగా నమ్మని నాకు, కథకులు గౌరికి మాత్రము మరుజన్మము ప్రసాదింపకపోవుటయే, ఆ చిన్న పక్షపాతమే, ఈ చిత్రమున మిక్కిలి నమ్మదగిన భాగముగా తోచుచున్నది.