మూసేటప్పుడు లెక్క చూపిన క్లబ్బు

మా అమ్మ పూజ పెట్టెలో రెండు వెండి రూపాయలు ఉండేవి. శ్రావణ శుక్రవారాల్లో వాటిని చింతపండుతో తోమి, పసుపు కుంకుమ పెట్టి, లక్ష్మీదేవి పటం ముందు ఉంచేది. రెంటి మీదా విక్టోరియా తలే. కానీ ఒకదాని మీద ‘క్వీన్’ అని, రెండోదాని మీద ‘ఎంప్రెస్’ అని ఉండేది. 1877 నుంచీ అచ్చయిన రూపాయల మీద ఆవిడ ఉత్త రాణి కాదు, చక్రవర్తిని. నేను బ్యాంకులో క్యాషియర్‌గా చేరాక ఒకరోజు వాటిని మా అప్రైజర్ గారి త్రాసులో తూయించాను. అరుగుదల పోను ఒక్కోటీ తులానికి ఇసుమంత తక్కువ తూగింది. ఇప్పటి పది గ్రాముల తులం కాదు, పాత తులం, 11.66 గ్రాములు. ఆ రోజుల్లో రూపాయంటేనే తులం.

అందుకే, కలకత్తాలో ఓ రగ్బీ క్లబ్బు వాళ్ళు 270 రూపాయలు కరిగించి కప్పు చేయించారని చదివినప్పుడు నాకు ముందు తట్టింది ఆట కాదు, బరువు. 270 తులాలు, మూడు కిలోల పైచిలుకు.

ఆ కప్పు కోసం ఇంగ్లండ్, స్కాట్లండ్ జట్లు నేటికీ ఏటా ఆడుతున్నాయి. దాని పేరు కలకత్తా కప్పు. ఎత్తు 18 అంగుళాలు. మన కంసాలుల పనితనం. పట్టుకోవడానికి మూడు నాగుపాముల పిడులు, మూత మీద ఏనుగు. టీవీలో దాన్ని చూసి ‘అబ్బ, మన కలకత్తా పేరే’ అని మురిసిపోయేవాళ్ళున్నారు. నాకు మాత్రం దాని వెనకున్న క్యాష్‌బుక్కు మీదే మోజు. పదకొండేళ్ళు మా ఊరి రిక్రియేషన్ క్లబ్బుకు ట్రెజరర్‌గా చేసినవాణ్ణి మరి.

1872 క్రిస్మస్ నాడు కలకత్తాలో తెల్లవాళ్ళు రెండు జట్లుగా చీలి, కోడిగుడ్డు ఆకారపు బంతితో రగ్బీ ఆడారు. జట్టుకు ఇరవై మంది. ఒకవైపు ఇంగ్లండు వాళ్ళు, మరోవైపు స్కాట్లండ్, ఐర్లండ్, వేల్స్ వాళ్ళు కలిసి. సరదా తీరక వారం తిరక్కుండానే మళ్ళీ ఆడారు. 1873 జనవరిలో కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టారు. మరుసటి ఏడాది ఇంగ్లండులోని రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్‌లో సభ్యత్వం తీసుకున్నారు. మొదట్లో క్లబ్బు కళకళలాడింది. ఎందుకంటే సభ్యులకు బార్‌లో మందు ఉచితం.

ఇక్కడ నాకు నవ్వాగలేదు. ఆ ఉచితం ఆగిపోగానే సభ్యులు జారుకోవడం మొదలైంది. ఏ ఊరి క్లబ్బయినా ఇంతే కదా. మా క్లబ్బులో సాయంత్రం టీతో పాటు పెట్టే పకోడీకి డబ్బులు వసూలు చేద్దామని నేను తీర్మానం పెట్టిన నెలలో పేకాట గది సగం ఖాళీ అయింది. కలకత్తా వాళ్ళకు ఇంకో రెండు దెబ్బలు కూడా తగిలాయి. ఆటగాళ్ళను ఇచ్చే బఫ్స్ రెజిమెంటు 1876లో ఊరు వదిలింది. మిగిలినవాళ్ళకు ఆ ఎండల్లో ఒకరి మీద ఒకరు పడి దొర్లే ఆటకంటే టెన్నిసూ పోలోనే నచ్చాయి. ఎదుటి జట్టే లేని ఊళ్ళో క్లబ్బెన్నాళ్ళు నడుస్తుంది?

అప్పుడు ఆ క్లబ్బుకు కెప్టెనూ, గౌరవ కార్యదర్శీ, ట్రెజరరూ అన్నీ ఒక్కడే, జేమ్స్ రాత్నీ. తీరిక దొరికితే చీమల్నీ కందిరీగల్నీ సేకరించేవాడు. ఆయన పేరు పెట్టిన చీమ జాతి కూడా ఉంది. చీమల్ని లెక్కపెట్టే మనిషి చేతిలో ఖాతా పెడితే పైసా పోదని నాకో నమ్మకం. 1877 డిసెంబరు 20న ఆయన లండన్ యూనియన్‌కు ఉత్తరం రాశాడు. క్లబ్బు మూసేస్తున్నాం, నిల్వ ఉన్న సొమ్ముతో ఒక కప్పు చేయించి మీకిస్తాం, దాన్ని ఫుట్‌బాల్ అసోసియేషన్ కప్పులాగా ఏటా పోటీకి పెట్టండి, లేదా ఆటకు మేలు జరిగేలా మీకు తోచినట్టు వాడండి అని దాని సారాంశం. బ్యాంకులోంచి సొమ్మును వెండి రూపాయలుగానే తీసి కరిగించారు. ఆ కాలంలో వెండి తీసుకెళ్తే టంకశాల వాళ్ళు రూపాయలు కొట్టి ఇచ్చేవారు, 1893 దాకా అదే పద్ధతి. కాబట్టి కరిగించినా పెద్దగా పోయిందేమీ లేదు. నాణెంలో ఎంతో, ముద్దలోనూ దాదాపు అంతే.

నా మాటల్లా ఒక్కటే. క్లబ్బు పెట్టడం కంటే మూయడం కష్టం. ఆ కష్టమైన పని రాత్నీ సవ్యంగా చేశాడు. చేతిలో సొమ్ము ఉండగానే, తగాదా ముదరకముందే, ఎవరి వాటా ఎంతనే మాట పుట్టకముందే.

ఒక్కచోట తప్పటడుగు వేశాడు. ‘లేదా మీకు తోచినట్టు’ అన్న ముక్క రాసి ఉండకూడదు. అప్పటికి ఫుట్‌బాల్‌లో క్లబ్బుల మధ్య కప్పు పోటీ ఆరేడేళ్ళుగా నడుస్తోంది. రగ్బీ పెద్దలకు ఆ దారి రుచించలేదు. కప్పును రెండు దేశాల మధ్య పోటీకి కేటాయించారు. 1879 మార్చి 10న ఎడింబరోలో తొలి మ్యాచ్ ఆడితే అది డ్రా అయి కూర్చుంది. ఇంగ్లండులో రగ్బీ క్లబ్బులకు దేశమంతటి నాకౌట్ కప్పు వచ్చింది 1971–72లో. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే, డిపాజిట్ ఫారంలో నామినీ కాలమ్ ఖాళీగా వదిలితే జరిగేదిదే.

కలకత్తాకు ఏం మిగిలిందంటారా? 1884లో అక్కడి క్రికెట్ క్లబ్బు వాళ్ళు మళ్ళీ రగ్బీ మొదలుపెట్టారు. అప్పటికి పాత కప్పు సముద్రాలు దాటిపోయి ఆరేళ్ళు. 1890కల్లా స్థానిక క్లబ్బుల పోటీ కోసం వేరే కప్పు పెట్టుకోవాల్సి వచ్చింది. అసలు కప్పు గతి చూడబోతే, 1988లో మ్యాచ్ అయిన రాత్రి ఇంగ్లండ్ ఆటగాడు ఒకడు, స్కాట్లండ్ ఆటగాడు ఒకడు కలిసి దాన్ని ఎడింబరో వీధుల్లో బంతిలా ఆడి సొట్టలు పెట్టారు. మూడు కిలోల వెండి! మా అప్రైజర్ గారు వింటే గుండె పట్టుకుంటారు.

ఈ కథలో మరో లెక్క ఉంది, దాన్ని రాయకపోతే నాకు నిద్రపట్టదు. రాత్నీ ఉత్తరం రాసిన ఏడాదే మన కర్నూలు, కడప, బళ్ళారి సీమల్ని ధాత కరువు పీల్చి పిప్పి చేసింది. కరువు పనుల కూలి తగ్గించమని చెప్పడానికి మద్రాసుకు వచ్చిన రిచర్డ్ టెంపుల్, అప్పటిదాకా కలకత్తాలో కూర్చుని బెంగాల్‌ను ఏలినవాడే. ఆయన ఖాయం చేసిన కూలి మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, అర్ధణా. రూపాయికి ముప్పై రెండు అర్ధణాలు. 270 రూపాయలంటే 8,640 మంది ఒక రోజు కూలిలో డబ్బు భాగం. ఆ క్లబ్బు డబ్బు కరువు నిధి కాదు, సభ్యుల చందాలే, ఒప్పుకుంటాను. కానీ ఆ సభ్యుల్లోని సిపాయిల జీతాలు ఈ దేశపు పన్నుల్లోంచే వెళ్ళేవి. నాగుపాము పిడులు పట్టుకుని ఎవరు గంతులేసినా ఈ 8,640 నా కళ్ళ ముందు మెదులుతుంది. కప్పు వెనక్కి ఇప్పించండని మాత్రం అడగను. ఇచ్చినవాడు ఇష్టపడి ఇచ్చాడు, పైగా ఉత్తరం కూడా ఉంది.

నా బాధ దగ్గరది. కృష్ణా డెల్టాలోని మా క్లబ్బు 1860 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టరైంది. 2001 దాకా మా వైపు అమల్లో ఉన్న ఆ చట్టంలో పద్నాలుగో సెక్షన్ స్పష్టంగానే చెప్పింది. సొసైటీ రద్దయితే, అప్పులు తీర్చగా మిగిలిన ఆస్తిని సభ్యులు పంచుకోకూడదు. సమావేశంలో అయిదింట మూడు వంతుల ఓట్లతో ఇంకో సొసైటీకి ఇవ్వాలి. మాది పేరుకే బతికి ఉంది. షటిల్ కోర్టులో ఎవరో వడ్లు ఆరబోసుకుంటున్నారు. బిలియర్డ్స్ బల్ల గుడ్డను ఎలుకలు కొరికేశాయి. ఇనప బీరువాలో ఒక షీల్డు ఉంది, విజేతల పేర్లు చెక్కించే ఇత్తడి రేకుల్లో చివరి నాలుగూ ఖాళీ. బ్యాంకులో ఓ డిపాజిట్ ఉంది. అది తీయాలంటే అధ్యక్షుడి సంతకం కావాలి. మాకు ఇద్దరు అధ్యక్షులు. ఎవరు అసలో తేల్చే కేసు నేను రిటైరవకముందు మొదలైంది.

డిపాజిట్ ప్రతి ఏడాదీ దానంతటదే రెన్యూ అవుతుంది. ఆ కాగితం ఇప్పటికీ ట్రెజరర్ పేరున మా ఇంటికే వస్తుంది. క్లబ్బు స్థలం సంగతి ఆ కోర్టే చూసుకుంటుంది, ఈ సొమ్మయినా ఆడే పిల్లలకు చేరాలని నా ఆశ. మా మండలంలో బాలికల కబడ్డీ జట్లున్నాయి, వాళ్ళకు మ్యాట్ లేదు, మట్టిలోనే ఆడుతున్నారు.

మొన్న సంక్రాంతి వెళ్ళాక కూర్చుని ఇద్దరు అధ్యక్షులకూ ఒకే ఉత్తరం రాశాను. క్లబ్బు మూద్దాం, ఉన్నది మ్యాట్‌కే ఇద్దామని రాశాను. ‘లేదా మీకు తోచినట్టు’ అని మాత్రం రాయలేదు. వారానికి ఒకాయన ఫోన్ చేశారు. ‘ఉత్తరం బావుంది క్యాషియర్ గారూ, ఇంతకీ ఆయనేమన్నారండీ?’ అన్నారు. మర్నాడు రెండో ఆయన చేశారు. ఆయన అడిగిందీ అదే.